పాత పుస్తకాల డిజిటలీకరణలో స్వయంచాలక మౌస్ క్లిక్: అమరిక – పరిశీలన

వ్యాస సంగ్రహం

అరుదైన తెలుగు పుస్తకాలను, పత్రికా సంపుటాలను కెమెరాతో పుట పుటగా చిత్రీకరించేటప్పుడు కంప్యూటరు తెరమీది ఒకే బొత్తాన్ని వందలసార్లు నొక్కవలసి వస్తుంది. ఈ పనిని ఆటో క్లికర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవచ్చు. దానిని ఎలా అమర్చుకోవాలో, క్లిక్కుల మధ్య వ్యవధిని ఎలా నిర్ణయించాలో, తయారైన చిత్రాల్లో పుటలు తప్పిపోయాయో లేదో ఎలా తేల్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రానికి తెలిసేవి స్థానం, సమయం మాత్రమే కనుక, పాఠం సమగ్రంగా ఉందో లేదో చూసుకునే బాధ్యత పరిశోధకునిదేనని నిరూపిస్తుంది.

కీలక పదాలు: ఆటో క్లికర్, డిజిటలీకరణ, పుటల క్రమం, గ్రంథపాతం, ఆటోహాట్‌కీ, పరిశోధన నైతికత

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనకు ఆధారమైన సామగ్రిలో చాలా భాగం నేటికీ కాగితం మీదే ఉంది. 1901లో హైదరాబాదులో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల్లోను, వ్యక్తుల ఇళ్లలోను ఉన్న పాత ప్రతులను గ్రంథాలయాధికారుల అనుమతితో చిత్రీకరించుకోవడం పరిశోధకులకు అలవాటైన పని. బల్లపరుపు స్కానర్‌పై బోర్లించి అదిమితే కుట్టు విడిపోయే పుస్తకాలకు, స్టాండుకు బిగించిన కెమెరాతో పైనుంచి చిత్రాలు తీయడమే మేలైన మార్గం. కెమెరాను కేబులుతో కంప్యూటరుకు కలిపితే, తెరపై కనిపించే చిత్రీకరణ బొత్తాన్ని మౌస్‌తో నొక్కి చిత్రం తీయవచ్చు. కెమెరాను తాకే అవసరం లేదు కనుక అది కదలదు, చిత్రం మసకబారదు.

ఈ పద్ధతిలో ఇబ్బంది చేతులతోనే వస్తుంది. పెళుసుబారిన పుటను తిప్పడానికి, అంచులను సుతారంగా అదిమి పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. ప్రతి పుటకూ ఒక చేతిని మౌస్ మీదికి తీసుకుపోతే పుస్తకం కదులుతుంది, పని సాగదు, మణికట్టు నొప్పి పుడుతుంది. రెండవ మనిషి తోడు దొరకని పరిశోధకునికి ఆ క్లిక్‌ను యంత్రానికి అప్పగించడం సహజమైన పరిష్కారం.

అయితే దీనితో ఒక కొత్త ప్రమాదం వచ్చిపడుతుంది. చేతితో నొక్కే మనిషి పుట సరిగా పరుచుకున్నదో లేదో చూసి మరీ నొక్కుతాడు. యంత్రం చూడదు. పుట తిప్పడం ఆలస్యమైనా, రెండు పుటలు అంటుకుని ఒకేసారి తిరిగిపోయినా దాని పని అది చేసుకుపోతుంది. తాళపత్ర ప్రతుల్లో లేఖకుని ఏమరుపాటు వల్ల ఏర్పడిన గ్రంథపాతాలను పరిష్కర్తలు శ్రమించి గుర్తించారు. ఆటో క్లికర్‌ను అజాగ్రత్తగా వాడితే అటువంటి గ్రంథపాతం డిజిటల్ ప్రతిలో కొత్తగా పుడుతుంది.

2. ఆటో క్లికర్ చేసే పని

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించాడు. నాటినుంచి నేటివరకు మౌస్ కంప్యూటరుకు అందించే సమాచారం ప్రధానంగా రెండు రకాలు: బాణం గుర్తు ఎటు కదిలింది, ఏ మీట నొక్కబడింది. ఆటో క్లికర్ ఇదే సమాచారాన్ని మౌస్‌కు బదులుగా తానే సృష్టించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందిస్తుంది. తెరమీది సాఫ్ట్‌వేర్ సాధారణంగా దానిని మనిషి నొక్కిన క్లిక్‌గానే స్వీకరిస్తుంది.

తెరమీది స్థానాన్ని రెండు సంఖ్యలతో గుర్తిస్తారు. గణితంలోని నిరూపకాల వంటివే ఇవి. అయితే సున్నా బిందువు తెరకు పైన, ఎడమ మూలలో ఉంటుంది. మొదటి సంఖ్య కుడివైపుకు, రెండవ సంఖ్య కిందికి పెరుగుతాయి. 1920 అడ్డు, 1080 నిలువు పిక్సెళ్లున్న తెరలో కింది కుడిమూల స్థానం 1919, 1079 అవుతుంది. ఆటో క్లికర్‌కు తెలిసిన ‘బొత్తం’ ఈ రెండు సంఖ్యలే. ఆ స్థానంలో చిత్రీకరణ బొత్తం ఉన్నా, మరొక విండో అడ్డంగా వచ్చి నిలిచినా దానికి భేదం లేదు.

3. పనిని ముందుగా లెక్కగట్టడం

సాఫ్ట్‌వేర్‌ను తెరవడానికి ముందే రెండు లెక్కలు కాగితం మీద వేసుకోవాలి: ఎన్ని చిత్రాలు రావాలి, ఎంత వ్యవధికి ఒకటి రావాలి.

ఉదాహరణకు 240 పుటల పుస్తకాన్ని తీసుకుందాం. పుస్తకాన్ని తెరిచినప్పుడు 1వ పుట కుడివైపున ఒంటరిగా ఉంటుంది. ఆ తరువాత 2–3, 4–5 అనే వరుసలో 238–239 వరకు 119 జతలు వస్తాయి. చివర 240వ పుట ఎడమవైపున ఒంటరిగా మిగులుతుంది. ఒక్కో చిత్రంలో ఎదురెదురు పుటలు రెండూ పడేలా తీస్తే మొత్తం 121 చిత్రాలు రావాలి. పీఠికలకు, చిత్రపటాలకు వేరే పుటసంఖ్యలు ఉన్నా, అసలు సంఖ్యలే లేకపోయినా, వాటిని ప్రత్యేక విడతగా లెక్కించాలి.

రెండవది వ్యవధి. పుట తిప్పడం, పరచడం, చేతులు తీయడం, కెమెరా చిత్రం తీయడం, ఆ చిత్రం డిస్కులో భద్రం కావడం – వీటన్నిటికీ పట్టే సమయం కంటే వ్యవధి ఎక్కువ ఉండాలి. పది జతల పుటలను చేతితో నొక్కుతూ చిత్రీకరించి, ప్రతిదానికీ పట్టిన సమయాన్ని గడియారంతో కొలవాలి. వాటి సగటును తీసుకుంటే, సగటు కంటే ఎక్కువ సమయం పట్టిన పుటలన్నీ తప్పిపోయే ప్రమాదంలో పడతాయి. అన్నిటికంటే ఎక్కువ పట్టిన సమయాన్ని తీసుకుని, దానికి రెండు సెకన్లు కలపడం క్షేమకరం. అత్యధికం ఆరు సెకన్లయితే వ్యవధి ఎనిమిది సెకన్లు. ఆ లెక్కన 121 చిత్రాలకు 968 సెకన్లు, అంటే సుమారు 16 నిమిషాలు పడుతుంది.

4. అమరిక

విండోస్‌లో పనిచేసే ఓపీ ఆటో క్లికర్ ఉచితంగా లభిస్తుంది. దీని పేరును, రూపాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి కనుక తయారీదారుల అధికారిక పుట నుంచే దింపుకోవాలి, తెరవడానికి ముందు వైరస్ తనిఖీ చేయాలి. సంస్థకు చెందిన కంప్యూటరైతే నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి. దీని విండోలో నాలుగు విభాగాలుంటాయి.

అ) వ్యవధి: గంటలు, నిమిషాలు, సెకన్లు, మిల్లీసెకన్ల గడులు ఉంటాయి. మిల్లీసెకన్ల గడిలో ముందుగానే 100 అని ఉంటుంది. అంటే సెకనుకు పది క్లిక్కులు. దానిని మార్చకుండా ప్రారంభిస్తే 121 క్లిక్కులూ సుమారు 12 సెకన్లలో ముగిసిపోతాయి. సెకన్ల గడిలో 8, మిగిలిన గడులన్నిటిలో 0 ఉంచాలి.

ఆ) క్లిక్ రకం: ఎడమ మీట, ఒంటి క్లిక్ అని ఎంచుకోవాలి. జంట క్లిక్‌ను ఎంచుకుంటే ఒకే పుటకు రెండు చిత్రాలు రావచ్చు.

ఇ) ఆవృత్తి: ‘ఆపే వరకు’ అనే అవకాశం, ‘ఇన్నిసార్లు’ అనే అవకాశం రెండూ ఉంటాయి. రెండవదాన్నే ఎంచుకోవాలి. 121 అని ఒకేసారి ఇవ్వడం కంటే 20 చొప్పున విడతలుగా చేయడం మంచిది. ఇందుకు కారణం ఆరవ విభాగంలో తెలుస్తుంది.

ఈ) స్థానం: బాణం ఎక్కడుంటే అక్కడే క్లిక్ చేయడం ఒక పద్ధతి, ఎంచుకున్న స్థానంలో క్లిక్ చేయడం మరొక పద్ధతి. చేయి తగిలి మౌస్ కదిలే అవకాశం ఉంది కనుక రెండవ పద్ధతే వాడాలి. స్థానాన్ని ఎంచుకునే బొత్తాన్ని నొక్కి, ఆపై చిత్రీకరణ బొత్తం నడిబొడ్డున క్లిక్ చేస్తే నిరూపకాలు వాటంతట అవే నమోదవుతాయి.

ప్రారంభించడానికి, ఆపడానికి ఎఫ్6 మీట ఒక్కటే. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ మీట వెలుతురు, ధ్వని వంటి వాటికి కేటాయించి ఉంటుంది. అప్పుడు ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లోనే మరొక మీటను నిర్ణయించుకోవాలి. ప్రారంభించడం కంటే ఆపడాన్ని ముందుగా సాధన చేయాలి. ఖాళీ నోట్‌ప్యాడ్ విండోపై రెండు మూడు క్లిక్కులు వేయించి, ఆపే మీట పనిచేస్తున్నదని రూఢి చేసుకున్న తరువాతే పుస్తకం దగ్గరికి రావాలి.

5. పని మధ్యలో ఎదురయ్యే అడ్డంకులు

చిత్రీకరణ విండోను పక్కకు జరిపినా, పరిమాణం మార్చినా నిరూపకాలు చెల్లవు. లాప్‌టాప్‌కు వేరే తెర తగిలించినా, విండోస్‌లో అక్షరాల పరిమాణాన్ని 100 శాతం నుంచి 125 శాతానికి మార్చినా బొత్తం స్థానం మారిపోతుంది. ఒకరోజు నమోదు చేసిన స్థానాన్ని మరునాడు మళ్లీ సరిచూడకుండా వాడకూడదు.

విండోస్‌లో ప్రకటనలు సాధారణంగా తెర కింది కుడిమూలలో వస్తాయి. చిత్రీకరణ బొత్తం అక్కడే ఉంటే క్లిక్ ఆ ప్రకటనపై పడుతుంది. పని జరిగేంతసేపు ప్రకటనలను నిలిపివేయాలి. నిర్వాహక హోదాలో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ మీద సాధారణ హోదాలో నడిచే ఆటో క్లికర్ క్లిక్కులు పనిచేయవు. ఇది విండోస్ భద్రతా ఏర్పాటు. చిత్రీకరణ సాఫ్ట్‌వేర్‌ను కూడా సాధారణ హోదాలో తెరిస్తే ఈ చిక్కు తొలగుతుంది. మాక్ కంప్యూటర్లలో ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు యాక్సెసిబిలిటీ విభాగంలో వినియోగదారుడు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి.

మరొక చిక్కు పైకి కనిపించదు. ముందటి చిత్రం ఇంకా భద్రమవుతూ ఉండగా క్లిక్ పడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దానిని స్వీకరించవు. ఆటో క్లికర్ లెక్కలో ఆ క్లిక్ ఉంటుంది, ఫోల్డర్‌లో చిత్రం ఉండదు. కనుక ‘20 క్లిక్కులు పూర్తయ్యాయి’ అంటే ‘20 చిత్రాలు వచ్చాయి’ అని అర్థం చేసుకోరాదు. చిత్రం తీసినప్పుడు శబ్దం చేసే సదుపాయం ఉంటే దానిని తప్పక వాడుకోవాలి. పుటలు తిప్పే చేతులకు ఆ శబ్దమే తాళం.

6. పరిశీలన

పని ముగిశాక చాలామంది చేసే పరీక్ష ఒక్కటే: ఫోల్డర్‌లోని చిత్రాలను లెక్కించడం. 121 ఉంటే పుస్తకం పూర్తయిందనుకుంటారు. ఈ పరీక్ష చాలదు. ఒకచోట పుట తిప్పడం ఆలస్యమై ఒకే జత రెండుసార్లు చిత్రమై, మరొకచోట రెండు పుటలు అంటుకుని ఒక జత తప్పిపోయిందనుకుందాం. మొత్తం అప్పుడూ 121 అవుతుంది. పునరుక్తి, లోపం ఒకదానినొకటి కప్పిపుచ్చుకుంటాయి.

కనుక లెక్కతో పాటు క్రమాన్ని కూడా పరీక్షించాలి. పైన చెప్పిన అమరికలో దీనికి తేలికైన సూత్రం ఉంది. చిత్రం వరుస సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి తీసివేస్తే, ఆ చిత్రంలో కుడివైపున ఉండవలసిన పుట సంఖ్య వస్తుంది. 1వ చిత్రంలో 1వ పుట, 20వ చిత్రంలో 39వ పుట, 40వ చిత్రంలో 79వ పుట, 120వ చిత్రంలో 239వ పుట కుడివైపున కనిపించాలి. ప్రతి విడత చివరి చిత్రాన్ని ఈ సూత్రంతో సరిచూడాలి. 20వ చిత్రంలో 39కి బదులు 37 కనిపిస్తే ఎక్కడో ఒక జత రెండుసార్లు పడింది. 41 కనిపిస్తే ఒక జత తప్పిపోయింది. వెతకవలసింది 20 చిత్రాల్లోనే కనుక దోషస్థానం వెంటనే దొరుకుతుంది, పుస్తకం ఎదుటనే ఉంది కనుక అప్పుడే సరిదిద్దవచ్చు. ఊరు తిరిగి వచ్చాక నెలల తరువాత తెలిసిన లోపానికి మళ్లీ గ్రంథాలయానికి ప్రయాణం చేయక తప్పదు. ఆలోగా ఆ ప్రతి పరిస్థితి మరింత దిగజారవచ్చు.

విడత లోపలే పునరుక్తి, లోపం రెండూ జరిగితే చివరి చిత్రం సరిగానే కనిపిస్తుంది. అందువల్ల ఫోల్డర్‌లోని చిత్రాలను సూక్ష్మరూపంలో పక్కపక్కన పరచి ఒకసారి కళ్లతో చూడాలి. ఒకే జత రెండుసార్లు పడితే పేరాల ఆకారం, మరకలు, చిరుగులు ఒకేలా కనిపించి వెంటనే పట్టుబడుతుంది. పునరుక్తి కనిపించిన విడతలో లోపం కూడా ఉన్నదేమోనని పుటసంఖ్యలన్నీ చదవాలి. చిత్రాలను తొలగించడం, పేరు మార్చడం వంటివి నకలు ప్రతిలోనే చేసి, మూల ఫోల్డర్‌ను మార్చకుండా ఉంచాలి.

పూర్వం ఈ శ్రమ మరో రూపంలో జరిగింది. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒకే కావ్యానికి చెందిన పలు ప్రతులను సేకరించి, పాఠాలను పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. నకలు రాయడంతో పాటు నకలును సరిచూడడం కూడా ఆ పనిలో భాగమే. నకలు తీసే సాధనం గంటం నుంచి కెమెరాకు మారినా రెండవ భాగం అవసరం తీరలేదు.

7. సమయాన్ని మనిషి చేతిలోనే ఉంచే పద్ధతి

కాగితం మరీ పెళుసుగా ఉన్నప్పుడు, మడత పుటలు, అతికించిన పటాలు ఉన్నప్పుడు స్థిరమైన వ్యవధి పనికిరాదు. ఒక పుటకు మూడు సెకన్లు, మరొక పుటకు అరనిమిషం పట్టవచ్చు. అక్కడ గురి మాత్రమే యంత్రానికి ఇచ్చి, సమయాన్ని మనిషి చేతిలో ఉంచుకోవాలి. ఇందుకు ఆటోహాట్‌కీ అనువైనది. 2003లో వెలువడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం రూపొందింది. కొద్ది వాక్యాల ఆదేశపత్రాన్ని నోట్‌ప్యాడ్‌లో రాసి నడిపించవచ్చు.

ఇక్కడ కావలసిన ఆదేశాలు రెండే. మొదటిది, ఎఫ్8 వంటి ఒక మీటను నొక్కగానే నిర్ణీత నిరూపకాల వద్ద క్లిక్ చేయమనడం. రెండవది, ఎస్కేప్ మీట నొక్కితే ఆదేశపత్రం నుంచి పూర్తిగా బయటికి రమ్మనడం. నిరూపకాలను తెలుసుకోవడానికి విండో స్పై అనే ఉపకరణం దీనితోనే వస్తుంది. రెండవ వెర్షన్‌లో నిరూపకాలను, వేరే ఆదేశం లేనప్పుడు, అప్పుడు చురుకుగా ఉన్న విండో లోపలి భాగం ఆధారంగా లెక్కిస్తుంది. కనుక విండో తెరపై కొంచెం జరిగినా గురి తప్పదు. 2022 చివర వెలువడిన ఈ వెర్షన్‌కూ పాత వెర్షన్‌కూ ఆదేశ వాక్యాల నిర్మాణంలో తేడా ఉంది. పాత నమూనాలను యథాతథంగా వాడితే దోష సందేశాలు వస్తాయి.

కీబోర్డు మీటలాగా పనిచేసే పాద పెడళ్లు మార్కెట్లో దొరుకుతాయి. పెడలుకు ఎఫ్8ను కేటాయిస్తే చేతులు పుస్తకం మీద, చూపు పుట మీద ఉండగా కాలితోనే చిత్రం తీయవచ్చు. వేగం కొంత తగ్గుతుంది. పుటను చూసిన తరువాతే చిత్రం తీసే వీలు మళ్లీ దక్కుతుంది.

8. క్లిక్కే అక్కరలేని పనులు

చేతికి విసుగు పుట్టించే ప్రతి పనికీ ఆటో క్లికర్ మందు కాదు. చిత్రాల నుంచి అక్షరాలను గుర్తించే పనిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో ఒక్కొక్క చిత్రాన్నీ గూగుల్ డాక్స్‌తో తెరిస్తే పాఠం వస్తుంది. అయితే ఒక్కో చిత్రానికి పట్టే సమయం ఇంటర్నెట్ వేగాన్ని బట్టి మారుతుంది. స్థిరమైన వ్యవధితో గుడ్డిగా క్లిక్ చేస్తే తెరుచుకోని విండోపై క్లిక్ పడి, ఒక పుట పాఠం మరొక పుట పేరుతో భద్రమయ్యే ప్రమాదం ఉంది. తెలుగును గుర్తించగల టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌కు చిత్రాల పేర్ల జాబితాను ఒకే ఆదేశంతో ఇవ్వవచ్చు. అక్కడ క్లిక్కే లేదు కనుక గురి తప్పడమూ లేదు. వచ్చిన పాఠంలోని అక్షరదోషాలను సరిదిద్దే పని ఎలాగూ మిగిలే ఉంటుంది.

అలాగే ఒక పదాన్ని ఫైలంతటా మార్చడానికి వర్డ్‌లోనే సదుపాయం ఉంది. వందల ఫైళ్ల పేర్లు ఒక్కసారిగా మార్చే సాధనాలూ ఉన్నాయి. ఒక పని ముందుకు వచ్చినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే మార్గం ఉందా, ఆదేశంతో జరుగుతుందా అని మొదట చూసి, రెండూ లేనప్పుడే ఆటో క్లికర్‌ను ఆశ్రయించాలి.

9. నైతిక పరిమితులు

ఒక క్లిక్ కొన్ని సందర్భాల్లో మనిషి ఉనికికి సాక్ష్యం. ఆన్‌లైన్ శిక్షణ తరగతుల్లో ‘తరువాతి పుట’ అనే బొత్తాన్ని నొక్కడం, పాఠం చదివినట్టు అభ్యర్థి ఇచ్చే హామీ. ప్రశ్నావళిలోని ప్రతి ఎంపిక ఒక వ్యక్తి అభిప్రాయం. వ్యాసం పక్కన కనిపించే వీక్షణల సంఖ్య పాఠకుల సంఖ్యకు సూచిక. ఈ మూడుచోట్లా యంత్రంతో క్లిక్ చేయించడం లేని హాజరును, లేని అభిప్రాయాన్ని, లేని పాఠకుణ్ణి సృష్టించడమే. పదోన్నతులకు, పరిశోధన ఫలితాలకు ఆధారమయ్యే అంకెలు ఇలా పుడితే అది విద్యారంగంలో మోసం.

డిజిటల్ గ్రంథాలయాల నుంచి పుటలను యాంత్రికంగా దింపుకోవడానికి ఆయా సంస్థల నిబంధనలు అడ్డురావచ్చు. వాటిని ముందే చదవాలి. చిత్రీకరించిన పుస్తకాన్ని పదుగురికీ పంచేటప్పుడు హక్కుల విషయం చూడాలి. భారతదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవితకాలంలో వెలువడిన సాహిత్య రచనలకు ఆయన మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కులు వర్తిస్తాయి. చేతివ్యాధులతోను, వైకల్యంతోను మీటలు నొక్కలేని వారికి మాత్రం ఇటువంటి సాధనాలే కంప్యూటరు వాడకానికి ద్వారం. సాధనాన్ని నిందించడం కాక, క్లిక్ ఎవరి తరఫున ఏమి చెబుతున్నదో విచారించడం సముచితం.

10. ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి:

• ఆటో క్లికర్ స్థానాన్ని, సమయాన్ని మాత్రమే ఎరుగును. పుట పరుచుకున్నదో లేదో అది ఎరుగదు.
• వ్యవధిని సగటు సమయంతో కాక, అత్యధిక సమయంతో నిర్ణయించాలి.
• ఆవృత్తుల సంఖ్యను ముందే నియమించి, 20 చిత్రాల విడతలుగా పనిచేయాలి.
• చిత్రాల మొత్తం సరిపోవడం పుటల క్రమానికి రుజువు కాదు. చిత్రసంఖ్యను పుటసంఖ్యతో ప్రతి విడతలోను సరిచూడాలి.
• పెళుసు ప్రతులకు సమయాన్ని మనిషి చేతిలోనే ఉంచే పద్ధతి మేలు.
• హాజరు, అభిప్రాయం, వీక్షణ వంటి వాటిని సూచించే క్లిక్కులను యంత్రానికి అప్పగించరాదు.

సిద్ధాంత గ్రంథాల్లో ఉదహరించే పాఠం డిజిటల్ ప్రతి నుంచే తీసుకుంటున్న కాలమిది. ఒక జత పుటలు లేని ప్రతి ఒకరి నుంచి ఒకరికి చేరితే, ఆ లోపం కూడా వారందరి పరిశోధనల్లోకి చేరుతుంది. కనుక చిత్రాల ఫోల్డర్‌తో పాటు చిత్రీకరించిన తేదీ, చిత్రాల సంఖ్య, సరిచూసిన విధానం, మూలప్రతిలోనే లేని పుటల వివరం రాసిన చిన్న ఫైలును జతచేయడం అవసరం. దానివల్ల ఒక పుట మూలంలోనే లేదా, చిత్రీకరణలో పోయిందా అనే సందేహం తరువాతి పరిశోధకునికి ఉండదు.